సగం సీసా

“దొంగతనం ఒప్పుకుంది వదినా. ఇంకో రెండు తగిలిస్తే హత్య కూడా ఒప్పేసుకుంటుంది. ఈ మాత్రం దానికి మీరెందుకు శ్రమపడి వచ్చారు?”

ఇన్‌స్పెక్టరు దుప్పట్ల గదిలో ఇనుప బీరువాకి చేరబడి, జేబురుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడు. ఎదురుగా, ఉతికి మడతపెట్టిన దుప్పట్ల దొంతరల మధ్య నర్సు నిలబడి ఉంది. పొద్దున్నించీ అలాగే నిలబెట్టారు. కింది పెదవి చిట్లి వాచింది. యూనిఫాం మెడ దగ్గర నెత్తురు ఎండి నల్లబడింది. కూర్చోమని చెప్పేవాళ్ళు లేరు. కూర్చుంటే లేపడానికి మాత్రం ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళున్నారు.

జల్లెడ గుమ్మం పక్కనున్న స్టూలు కాలితో ముందుకు నెట్టి, “కూచో అమ్మాయ్” అంది నర్సుతో.

“వదినా, అది ముద్దాయి.”

“ముద్దాయికి కాళ్ళుండవా?”

ఆమెకి జల్లెడ అని పేరు పెట్టింది ఇన్సూరెన్సు కంపెనీలవాళ్ళు. ఏళ్ళ తరబడి వాళ్ళకి దొంగ క్లెయిములు పట్టిపెట్టింది. చెవిన పడ్డ ప్రతి మాటనీ పదిసార్లు జల్లించి, పొట్టు వేరు చేసిగానీ వదలదని ఆ పేరు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. ఇన్‌స్పెక్టరు ఆమె పోయిన భర్తకి తమ్ముడు. కానిస్టేబుళ్ళ ముందు అతను అనే ‘వదినా’లో మర్యాద పావలా, వెటకారం ముప్పావలా.

ఆమెని పంపింది ట్రయల్ భద్రత చూసే కమిటీ. ఈ ఆసుపత్రి పై అంతస్తులో ఒక కొత్త మందు పరీక్ష జరుగుతోంది. ఒంట్లో కండ కొవ్వొత్తిలా కరిగిపోయే జబ్బుకి మందు. గదికి ఇద్దరు రోగులు, జబ్బు ముదిరిన తీరు చూసి కలిపిన జతలు. జతలో ఒకరికి అసలు మందు. రెండోవారికి అదే రంగు, అదే చేదు కలిపిన ఉత్తి నీళ్ళు. ఎవరికేది పడుతోందో తాగేవాళ్ళకీ తెలీదు, తెచ్చిచ్చే నర్సుకీ తెలీదు, చూసే డాక్టరుకీ తెలీదు. ఆ గుట్టు కంప్యూటర్లో ఒక కోడ్ కింద తాళం వేసి ఉంటుంది. మనిషి ప్రాణం మీదకి వస్తే తప్ప తెరవరు.

మొన్న ఉదయం అయిదో గది కోసం ఆ తాళం తీయాల్సొచ్చింది. బస్సు కండక్టరుగా చేసినావిడ, వార్డంతా ‘కండక్టరమ్మ’ అని పిలుచుకునే మనిషి, స్నానాలగది గుమ్మంలో కూలబడింది. కోడ్ తెరిస్తే ఆవిడది అసలు మందని తేలింది. మధ్యాహ్నం లోపే ప్రాణం పోయింది. మందే మింగేసిందని అందరూ అనుకున్నారు. శవపరీక్షలో వేరే సంగతులు బయటపడ్డాయి. ఆవిడ రక్తంలో గుండె వేగం తగ్గించే మాత్రలున్నాయి. ఏ డాక్టరూ రాయని మాత్రలు, అవీ చచ్చేటన్ని. ఇక ట్రయల్ మందు చూస్తే, ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది.

“ఆ సగం ఇది నొక్కేసింది,” ఇన్‌స్పెక్టరు నర్సు వైపు గడ్డం చూపించాడు. “ఈ జబ్బున్నవాళ్ళు బయట ఈ మందు కోసం ఇళ్ళమ్ముకుంటారు. కండక్టరమ్మ పసిగట్టింది. నోరు మూయించడానికి వార్డులో ఉన్న గుండె మాత్రలే కలిపేసింది. అతికినట్టు లేదూ?”

“సీసాలకి సీలుంటుంది.”

“విప్పి మళ్ళీ అంటించడం ఎంతసేపు?”

“ఏది అసలుదో దీనికీ తెలీదు అబ్బాయ్. ఉత్తి నీళ్ళు దొంగిలించి అమ్ముకుందా?”

ఇన్‌స్పెక్టరు చేతిలో రుమాలు ఒక్క క్షణం ఆగింది. “ఇద్దరివీ తీసుంటుంది.”

“ఎవరికి అమ్మింది?”

“సాయంత్రానికి చెప్తుంది. మా అన్నయ్య కూడా మీలాగే అడుగడుక్కీ ప్రశ్న వేసేవాడు. ఏం బావుకున్నాడు?”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. జల్లెడ ముఖం మాత్రం కదల్లేదు. నర్సు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె ముఖంలోకి చూసింది.

“సీసా చేతికిచ్చాక, తాగేదాకా పక్కన నిలబడి చూడాలని రూలు కదా. నిలబడ్డావా?”

నర్సు కళ్ళు దించుకుంది.

“నిజం చెప్పమ్మాయ్. నిన్ను కాపాడేది ఇప్పుడు అదొక్కటే.”

“లేదు మేడమ్. పన్నెండు మందికి నేనొక్కదాన్నే. ఒకాయనకి అన్నం తినిపించాలి, ఒకావిడని పక్కకి తిప్పాలి. సీసాలు బల్ల మీద పెట్టి పక్క గదికి పరిగెత్తేదాన్ని. తిరిగొచ్చేసరికి ఖాళీ సీసాలుండేవి. తాగేశాం అనేవాళ్ళు. తాగారని రాసి సంతకం పెట్టేదాన్ని. నేను చేసిన పాపం అదే. ఒక్క చుక్క తీస్తే నా చేతులు పడిపోవాలి.”

“విన్నారుగా, డ్యూటీ ఎగ్గొట్టానని ఒప్పుకుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “గంటలో వ్యాను వస్తుంది. అందాకా మీ ఇష్టం వదినా. వ్యాను ఎక్కాక నా ఇష్టం.”

*

అయిదో గదిలో రెండు మంచాలు. ఒకదాని మీద పరుపు చుట్టేసి ఉంది. కిటికీ పక్కన రెండో మంచం మీద లెక్కల టీచరు దిండుకి ఆనుకుని, రబ్బరు బంతి పిసుకుతోంది. ముప్ఫై లోపు వయసు. మెడ సన్నబడి, చున్నీ కింద భుజాల ఎముకలు తేలి ఉన్నాయి. కుడిచేతి పట్టు మాత్రం బాగానే ఉంది. బంతి ఆ వేళ్ళలో నలుగుతోంది.

“ఏడ్చి ఏడ్చి ఊరుకున్నానండీ,” అంది అడక్కుండానే. “అయిదు నెలలు ఒకే గది. తోడబుట్టినదాని కంటే ఎక్కువ.”

జల్లెడ తలూపి, గోడ అలమారా తెరిచింది. పై అర టీచరుది. పుస్తకాలు, దువ్వెన, బలానికి వేడినీళ్ళల్లో కలుపుకునే పొడి డబ్బా. కింది అర కండక్టరమ్మది. రెండు చీరలు, గోళ్ళరంగు సీసా, పౌడరు డబ్బా. వాటి పక్కన చెక్క మీద గోధుమరంగు పొడి సన్నగా చుట్టు గీసినట్టు అంటుకుని ఉంది. ఏదో డబ్బా ఉండేది, ఇప్పుడు లేదు. వేలికి అద్దుకుని వాసన చూసింది. చాక్లెట్ వాసన.

స్నానాలగదిలో, కొళాయి మీది గూట్లో రెండు ప్లాస్టిక్ కప్పులు బోర్లించి ఉన్నాయి. ఒకటి తిప్పి చూసింది. బయటివైపు, అడుగుకి కాస్త పైన ఎర్రటి గీత. గోళ్ళరంగుతో గీసింది. రెండోది చూసింది. అక్కడే, అంతే ఎత్తులో ఇంకో గీత.

చెత్తబుట్ట పక్క ట్రేలో ట్రయల్ మందు ఖాళీ సీసా ఒకటుంది. దాని మెడ దాకా నీళ్ళు నింపి, కప్పులో ఎర్ర గీత దాకా పోసింది. సీసా వెలుగుకి పెట్టి చూసింది. సగం మిగిలింది.

కప్పు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. “ఈ గీత ఎవరు గీశారమ్మా?”

బంతి నలగడం ఆగింది. టీచరు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “మమ్మల్ని ఇద్దర్నీ ట్రయల్లోంచి తీసేస్తారని చెప్పలేదండీ. ఆవిడ ఎలాగూ లేదు కదా, చెప్తాను. ఎవరిది అసలుదో మాకు తెలీదు. ఇద్దరివీ చెరిసగం చేసుకుంటే, ఎవరిది అసలుదైనా ఇద్దరికీ సగం దక్కుతుంది. నా సీసాలో సగం ఆవిడకి, ఆవిడ సీసాలో సగం నాకు. ఎవరికీ అన్యాయం జరగదు.”

“ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదు.”

“నీకు తోడుగా ఉంటున్న మీ అక్కకి?”

“అక్కకి అసలు తెలీదు. తెలిస్తే డాక్టర్ల మీదకి పోతుంది.”

“మరి కింది అరలో డబ్బా ఏమైంది?”

“బలం పొడి. అక్కే తెస్తుంది. ఎప్పుడూ ఇద్దరికీ కలిపి ఒకటే డబ్బా. పోయిన వారం మాత్రం ఆవిడకి వేరే తెచ్చింది. ఆవిడకి తీపి ఎక్కువ కావాలని విడిగా కలిపి పట్టుకొచ్చింది. పోయినవాళ్ళ వస్తువు కళ్ళ ముందెందుకని మళ్ళీ అక్కే తీసుకెళ్ళిపోయింది.”

“ఎప్పుడు తీసుకెళ్ళింది?”

టీచరు గుర్తు చేసుకుంటున్నట్టు కిటికీ వైపు చూసింది. “ఆవిడ్ని స్ట్రెచర్ మీద అటు తీసుకెళ్ళగానే.”

మనిషి ఇంకా బతికే ఉంది అప్పటికి. పోయినవాళ్ళ వస్తువు ఎలా అయింది?

*

చిన్న డాక్టరు వరండాలో ఎదురయ్యాడు. కుర్రాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. చేతిలో ఫోను ఊపుతూ వచ్చాడు.

“మీరు పొద్దున ఫోను చేసి పరీక్షకి పంపమన్న రక్తం ఫలితం వచ్చింది మేడమ్. టీచరుగారి ఒంట్లో ట్రయల్ మందు ఉంది. సగం మోతాదు. ఆవిడది ఉత్తి నీళ్ళ సీసా మేడమ్! ఎలా వచ్చింది?”

“కండక్టరమ్మ ఇచ్చింది. నర్సు ఏమీ తీయలేదు.”

అతను గోడకి జారబడ్డాడు. “అయితే మందు పనిచేస్తోందన్నమాట! పెద్ద డాక్టరుగారు మొన్నటి నుంచీ నిద్రపోలేదు. చావు గురించి కాదు. పిడికిలి బలం అంకెల గురించి. ఈ గదిలో ఇద్దరికీ ఒకేలా పెరిగింది. ఉత్తి నీళ్ళు తాగినావిడకీ, మందు తాగినావిడకీ తేడా లేదు. మందు దండగని రాసేద్దామనుకున్నారు.”

“ఇప్పుడేం రాస్తారు?”

“రాయడానికేం లేదు. కలిపి తాగారంటే అంకెలన్నీ చెడినట్టే. మధ్యలో హత్య కూడాను. ట్రయల్ మూసేస్తారు. మిగిలిన సీసాలన్నీ వెనక్కి పంపించేస్తారు.” అతను గొంతు తగ్గించాడు. “నిజానికి ఎవరిది అసలుదో వీళ్ళు కనిపెట్టేస్తారని మాకు మొదట్లోనే అనుమానం రావాల్సింది. అసలు మందు పడ్డవాళ్ళకి మొదటి వారం అరికాళ్ళు మంటలెత్తుతాయి. తర్వాత తగ్గిపోతాయి. ఆ సంగతి పక్కవాళ్ళతో చెప్పుకోవద్దని అందరికీ గట్టిగా చెప్తాం.”

జల్లెడ ఆ మాట చిన్న పుస్తకంలో రాసుకుంది. “కోడ్ తెరిచినప్పుడు గదిలో ఎవరున్నారు?”

“నేను, ఇంకో డాక్టరు. నేను ఛాతీ నొక్కుతున్నాను. అతను ఫోనులో కోడ్ తెరిపించాడు. గుమ్మంలో టీచరుగారి అక్క ఉంది. పాపం, ఆవిడే రోజూ కండక్టరమ్మకి జడ వేసేది, అన్నం కలిపి పెట్టేది. ఒకటే కంగారు. పక్కకొచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.”

“ఏమంది?”

“‘ఏదట డాక్టర్, అసలుదా ఉత్తిదా’ అంది. ఆ గాభరాలో అసలుదే అని చెప్పేశాను. చెప్పకూడదు, నాదే తప్పు.”

“బతుకుతుందా అని అడిగిందా?”

అతని నుదురు ముడిపడింది. మెల్లిగా తల అడ్డంగా ఊపాడు.

*

రోగుల బంధువులు అన్నాలు తినే హాల్లో అక్క ఒక్కతే ఉంది. నలభై ఏళ్ళ మనిషి. చీర కుచ్చెళ్ళు చెదరకుండా, జుట్టు ఒక్క వెంట్రుక రేగకుండా ఉంది. టేబులు మీద గ్లాసులో పొడి వేసి వేడినీళ్ళతో చెంచా తిప్పుతోంది.

జల్లెడ నిలబడే మాట్లాడింది. అప్పటికి ఆమె లోపల మెత్తన అన్నది లేదు. సాక్ష్యం అక్క పట్టుకుపోయిన డబ్బాతో పాటు పోయింది, అలమారాకి అంటిన పొడి పరీక్షలో తేలడానికి రోజులు పడుతుంది. నర్సుని ఎక్కించే వ్యాను గేటు దగ్గరికి వచ్చేస్తోంది. మిగిలింది ఒక్కటే దారి, అది మంచి దారి కాదని ఆమెకి తెలుసు.

“ఇక్కడున్నారా! మీ చెల్లెలికి గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఏం తిన్నదో తెలీక డాక్టర్లు తల పట్టుకుంటున్నారు.”

చెంచా ఆగిపోయింది. “ఇప్పుడేగా చూసొచ్చాను. బాగానే ఉందిగా?”

“ఇప్పుడే మొదలైంది. కండక్టరమ్మ అన్నీ సగం సగం పంచేదట. తన డబ్బాలో పొడి కూడా సగం మీ చెల్లెలి డబ్బాలో పోసిందట. పొద్దున అదే తాగింది.”

అక్క ముఖం చూస్తుండగానే పాలిపోయింది. గ్లాసు దొర్లి, టేబులంతా గోధుమరంగు నీళ్ళు పారాయి. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

“వదినా, వ్యాను వచ్చేసింది, ఇంక...”

“ఎంత తాగింది?” అక్క అరిచింది. అది మనిషి గొంతులా లేదు. జల్లెడ జాకెట్టు చెయ్యి రెండు చేతులా పట్టి గుంజింది. “ఎన్ని చెంచాలు వేసుకుంది? పరిగెత్తండి! గుండె మాత్రలని చెప్పండి! మా అత్తగారి మాత్రలు. నూరి కలిపాను. రెండు అట్టలు. విరుగుడు ఉంటుంది, ఇమ్మనండి! నిలబడ్డారేంటి, నా చెల్లెలు చచ్చిపోతుంది!”

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. అతని వెనకున్న ఆడ కానిస్టేబుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“మీ చెల్లెలికేం కాలేదు,” అంది జల్లెడ.

అక్క చేతులు పట్టు వదల్లేదు. మాట అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక బెంచీ మీదకి జారిపోయింది. చెల్లెలికి ఏమీ కాలేదన్న ఊరట, తను పట్టుబడ్డానన్న భయం ఆ ముఖంలో ఒకేసారి కనిపించాయి. ముందు ఊరటే వచ్చింది.

“చంపాలనుకోలేదు,” అంది అక్క. “పడిపోతే చాలనుకున్నాను. మూడో గదిలో ఒకాయనకి ఫిట్సు వస్తే కోడ్ తెరిచారు. ఆయనది తెలిస్తే పక్క మంచం వాడిదీ తెలిసిపోయింది. జత కదా. ఒకరిది అసలుదైతే రెండోది ఉత్తిది. నా చెల్లెలికి ఏం పోస్తున్నారో నాకు తెలియాలి. మా అమ్మ ఇదే జబ్బుతో పోయింది. చివర్లో మింగడం కూడా రాలేదు. గొంతులో నీళ్ళు పోస్తే ముక్కులోంచి వచ్చేవి. అప్పటికి ఇది ఒకటో క్లాసు. దానికి అమ్మనీ నాన్ననీ నేనే.”

“కండక్టరమ్మకి జడ వేసింది మీరే కదా?”

అక్క కళ్ళెత్తి చూసింది. ఆ చూపులో సిగ్గు లేదు. “ఆవిడకెవరున్నారు? పోతే ఏడవడానికి ఒక్కరైనా వచ్చారా? నా చెల్లెలికి నేనున్నాను. చూశారుగా, అదే నిజమైంది. అయిదు నెలలుగా దాని చేత ఉత్తి నీళ్ళు తాగించారు. చదువుకున్నవాళ్ళు, తెల్లకోట్లు వేసుకున్నవాళ్ళు, అది కరిగిపోతుంటే కొలతలు తీసుకుంటూ కూర్చున్నారు. నేను చేసింది తప్పయితే వాళ్ళు చేసిందేంటి?”

“ఉత్తి నీళ్ళతో దాని పిడికిలి ఎలా బిగిసింది?”

అక్క నుదురు చిట్లించింది.

“మీ చెల్లెలు పొడి తాగలేదు. మందు తాగింది,” అంది జల్లెడ. ఒక్కో మాటా నెమ్మదిగా, అవతలి మనిషి చెవిలో దిగేదాకా ఆగి చెప్పింది. “కండక్టరమ్మ తన సీసాలో సగం రోజూ మీ చెల్లెలికి పోసింది. మీరు జడ వేసేటప్పుడు ఆవిడ ఒంట్లో సగం మందే ఉంది. మిగతా సగం పక్క మంచం మీద ఉంది.”

“సగమా?”

“రోజూ.”

“అయితే ఇప్పుడు...” అక్క లేవబోయింది. “ఇప్పుడు దానికి ఎవరిస్తారు?”

“ఎవరూ ఇవ్వరు. ఇచ్చే మనిషిని మీరే చంపేశారు. ట్రయల్ మూసేస్తున్నారు.”

అక్క ఏడవలేదు. రెండు అరచేతులూ టేబులు మీద ఆనించి, ఒలికిన నీళ్ళ మీద అటూ ఇటూ రాస్తూ కూర్చుంది, ఏదో తుడిచేస్తున్నట్టు. కానిస్టేబుళ్ళు లేపి నిలబెట్టినప్పుడు మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగింది.

“చెల్లికి ఏమీ తెలీదు. దాని జోలికి వెళ్ళకండి.”

ఎవరూ ఆ మాట అడగలేదు.

ఇన్‌స్పెక్టరు జల్లెడ పక్కకి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. “ఇలా అబద్ధం ఆడి ఒప్పించింది కోర్టులో నిలవదు వదినా. తెలుసా?”

“పెదవి చిట్లగొట్టి ఒప్పించింది నిలుస్తుందా? వెళ్ళు. వెళ్ళి ఆ పిల్లని ఇంటికి పంపించు. పంపే ముందు మంచినీళ్ళివ్వు.”

*

గదిలో టీచరు అదే దిండుకి అలాగే ఆనుకుని ఉంది. కిటికీలోంచి కిందకి చూస్తోంది. కింద ఆవరణలో వ్యాను తలుపులు తెరిచి ఉన్నాయి.

“అక్కేనా?” అంది.

“అక్కే.”

టీచరు చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. జల్లెడ ఖాళీ మంచం అంచు మీద కూర్చుని, ఆ కదలిక ఆగేదాకా చూసింది.

“నువ్వు చెప్పిన దాంట్లో ఒక మాట నాకు జల్లెడలోంచి దిగలేదు. ఎవరిది అసలుదో తెలీదన్నావు. మొదటి వారం నీకు అరికాళ్ళు మండాయా?”

చున్నీ వెనక తల అడ్డంగా ఊగింది.

“ఆవిడకి మండాయి కదూ?”

“తడిగుడ్డలు చుట్టుకునేది,” అంది టీచరు చున్నీ వెనక నుంచి. తర్వాత చున్నీ దించింది. “రాత్రుళ్ళు పడుకునేది కాదు. నీకూ మండుతున్నాయా అని అడిగింది. లేదన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తెల్లారి లేచి గోళ్ళరంగు తీసి కప్పుల మీద గీతలు గీసింది. ‘నీకు హాఫ్ టికెట్ కొట్టాను పిల్లా, సర్దుకుని కూచో’ అంది.”

“అంటే ఆవిడకీ తెలుసు.”

“తెలుసు.”

“తెలిసే తన ప్రాణంలో సగం నీకిచ్చింది.”

“నేను అడగలేదండీ. ఆవిడే ఇచ్చింది.”

జల్లెడ కాసేపు ఆ ముఖాన్నే చూసింది. గుక్కపట్టి ఏడవాల్సిన చోట ఆ పిల్ల లెక్క సరిచూసుకుంటున్నట్టు మాట్లాడుతోంది.

“ఎవరిది ఏ మందో నీకు మొదటి వారంలోనే తెలుసు. మరి జతల సంగతీ, మనిషి పడిపోతేనే కోడ్ తెరుస్తారన్న సంగతీ మీ అక్కకి చెప్పింది ఎవరు? మూడో గది కథ ఆవిడకి ఎవరు విడమరిచి చెప్పారు?”

“మాటల్లో అన్నాను. అక్కకి అన్నీ చెప్తాను.”

“సగం సీసా సంగతి చెప్పలేదుగా.”

టీచరు బంతిని చేతిలోకి తీసుకుంది. పిసకలేదు.

“కండక్టరమ్మ ఏది దొరికినా నీకు సగం పెట్టేది. కొత్త డబ్బా వచ్చినప్పుడు కూడా పెట్టే ఉంటుంది. పెట్టిందా?”

“పెట్టింది.”

“తాగావా?”

“లేదు.”

“ఎందుకు తాగలేదు?”

“తీపి ఎక్కువని...” టీచరు ఆగిపోయింది. ఈసారి వచ్చిన ఏడుపు నిజమైన ఏడుపే. “మీకేం తెలుసండీ! సగం నాకు సరిపోవట్లేదు. కుడిచెయ్యి నిలబడింది, ఎడమ చెయ్యి చూడండి, దువ్వెన కూడా పట్టదు. మొత్తం సీసా తాగితే ఏమయ్యేదాన్నో! నాది ఉత్తిదని డాక్టర్ల ముందు తేలిపోతే అక్క వాళ్ళ గుమ్మం ముందు పడుకుని అయినా నాకు అసలుది ఇప్పించేది. ఆవిడ చచ్చిపోతుందని కాదు, ఒట్టు. పడిపోతే చాలనుకున్నాం.”

ఇదే మాట అన్నాల హాల్లో అక్క నోట ‘అనుకున్నాను’ అని వచ్చింది. ఇక్కడ ‘అనుకున్నాం’ అయింది. ఆ తేడా తన నోట్లోంచి ఎలా జారిందో టీచరుకీ తెలిసింది. ఏడుపు కొళాయి కట్టేసినట్టు ఆగింది.

కింద వ్యాను తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

జల్లెడ లేచి నిలబడింది. “మీ అక్క చేత నేను చెప్పిస్తాను.”

“చెప్పదు,” అంది టీచరు. గొంతు మామూలుగా ఉంది, పిల్లలకి పాఠం చెప్పే గొంతు. “నా పేరు అక్క నోటివెంట రాదు. ఉరి తీసినా రాదు. మీరు ఎన్ని అబద్ధాలు ఆడినా రాదు. ఇప్పుడు నేనన్నది విన్నది మీరొక్కరే.”

అది నిజమేనని జల్లెడకి తెలుసు. బెంచీ మీద కూలబడ్డ మనిషి ముఖంలో ముందు ఏది కనిపించిందో ఆమె కళ్ళారా చూసింది. చేయించిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. చేసిన మనిషి కిందనుంచి వెళ్ళిపోతోంది. రెండింటికీ మధ్య ముడి ఒక్క అక్షరం, దానికి సాక్షి లేదు.

టీచరు దిండు సరిచేసుకుంది. కుడిచేత్తో దుప్పటి నడుం దాకా లాక్కుంది.

“ఒకటి అడగనా మేడమ్? ఆవిడ సీసాలు ఇంకా చాలా మిగిలున్నాయి కదా,” అంది. “అవి పారేస్తారా? అడిగితే నాకిస్తారా?”